అబ్హాలో ఆగిన పాట, న్యూయార్క్‌లో పోయిన గొంతు

జెద్దా ఉక్కపోతకు ఉడికిపోతూ, రియాద్ ఎండకు మాడిపోతూ ఉండే ఆగస్టులో కూడా సౌదీ అరేబియా నైరుతి మూలన అసీర్ కొండల మీద చల్లగాలి వీస్తుంది. అక్కడి అబ్హా పట్టణం సముద్రమట్టానికి 2,200 మీటర్ల ఎత్తున ఉంది. వేసవి వస్తే దేశం నలుమూలల నుంచీ కుటుంబాలు ఆ కొండలెక్కుతాయి. వాళ్ల కోసం ఉత్సవాలు, కచేరీలు జరుగుతాయి. 2000 ఆగస్టు 11, శుక్రవారం రాత్రి అక్కడి అల్ ముఫ్తాహా రంగస్థలం మీద తలాల్ మద్దాహ్ ఊద్ వాద్యాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. వెనక వాద్యబృందం, ఎదుట నిండు సభ, టీవీలో ప్రత్యక్ష ప్రసారం. పాట అందుకున్న కాసేపటికే ఆయన కూర్చున్నచోటే ఒరిగిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్లినా గుండె తిరిగి కొట్టుకోలేదు. ఆయన వయసు 60.

మన వైపు ఇలాంటి కబురు వింటే పెద్దవాళ్లు ముందు అయ్యో అంటారు, ఆ వెంటనే గొంతు తగ్గించి, అదృష్టవంతుడు అంటారు. పాటగాడు పాడుతూ పోయాడు, మంచంలో తీసుకోలేదు, ఒకరి చేత చేయించుకోలేదు అంటారు. ఆ మాటలో నిజం ఎంతుందో ఆ రాత్రి టీవీ ముందు కూర్చుని ఏడ్చిన సౌదీ ఇళ్లవాళ్లను అడగాలి. నాకు మాత్రం ఆయన చావు ఇంకొకరి బతుకును గుర్తుకు తెస్తుంది. సరిగ్గా ఆ వారాల్లోనే న్యూయార్క్‌లో మరో గాయని వేసిన దావా రాజీకి వస్తోంది. ఆమె పేరు జూలీ ఆండ్రూస్. ఆమె బతికే ఉన్నారు, ఆరోగ్యంగానూ ఉన్నారు. పోయింది గొంతు ఒక్కటే. మూడేళ్ల కిందట, శస్త్రచికిత్స బల్ల మీద, నిద్రలో ఉండగా పోయింది.

ఒకరి విషయంలో మనిషి వెళ్లిపోయి గొంతు రికార్డుల్లో చెక్కుచెదరకుండా మిగిలింది. రెండో వారి విషయంలో గొంతు ముందే వెళ్లిపోయి మనిషి మిగిలారు. ఏది పెద్ద దుఃఖమో తూచే తక్కెడ లేదు. కానీ రెండో దుఃఖానికి కర్మకాండలు ఉండవు, దాన్ని గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

తలాల్ 1940లో మక్కాలో పుట్టారు. పెంచినది పిన్ని కుటుంబం. మద్దాహ్ అన్న ఇంటిపేరు కూడా పెంచిన ఆ ఇంటి నుంచే వచ్చింది. పెరిగింది తాయిఫ్‌లో. అది కొండల మీద గులాబీ తోటల ఊరు. అప్పటికి సౌదీలో పాట పెళ్లిళ్లలోనూ స్నేహితుల మజ్లిస్‌లలోనూ తలుపులు వేసుకుని వినేది. సంగీతం తగదనే మతపెద్దల మాట బలంగా ఉన్న దేశమది. అలాంటి చోట ఒక కుర్రాడు ఊద్ పట్టుకుని రేడియోకెక్కాడు. 1960 ప్రాంతంలో వచ్చిన ‘వర్దక్ యా జారె అల్ వర్ద్’ పాటతో సౌదీ ఆధునిక గీతం కొత్త మలుపు తిరిగిందని అక్కడి సంగీతజ్ఞులు చెబుతారు. ఒకే వరస తిరగేసి మరగేసి పాడడం మాని, చరణానికో నడక కట్టి, వాద్యబృందంతో పాడించిన తరం అది. తర్వాత లెబనాన్‌లో గాయని సబాహ్‌తో కలిసి సినిమాలో నటించారు. ఈజిప్టు సంగీత దిగ్గజం మొహమ్మద్ అబ్దుల్ వహాబ్ ఆయన కోసం ‘మాదా అఖూల్’ పాటకు బాణీ కట్టారు. ఖైరో నుంచి పాటలు దిగుమతి చేసుకోవడమే అలవాటైన దేశానికి అదొక గౌరవం. సిరాజ్ ఒమర్ స్వరపరచిన ‘మఖాదీర్’ సౌదీ కారు టేపుల్లో, టీ కొట్లలో, ఎడారి దారుల్లో మోగిపోయింది. జనం ఆయనకు ‘సౌత్ అల్ అర్ద్’ అని పేరు పెట్టుకున్నారు, నేల గొంతు అని.

నలభై ఏళ్లు పాడిన ఆ గొంతును వయసు కొంత తిన్నది. ఎవరి గొంతునైనా తింటుంది. కానీ చివరి రాత్రి కూడా ఆయన తన గొంతుతోనే సభ ముందు కూర్చున్నారు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుని న్యూయార్క్‌కు వెళ్దాం.

జూలీ ఆండ్రూస్ 1935 అక్టోబరు 1న ఇంగ్లండ్‌లో వాల్టన్ ఆన్ థేమ్స్‌లో పుట్టారు. తల్లి పియానో వాయించేది, సవతితండ్రి హాస్య గాన సభల్లో పాడేవాడు. పిల్లకు ఏడెనిమిదేళ్లప్పుడు గొంతు వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే, స్వరపేటిక దాదాపు పెద్దవాళ్లంత ఎదిగి ఉందని ఆయన చెప్పాడట. లిలియన్ స్టైల్స్ అలెన్ అనే గాయని దగ్గర సాధన చేయించారు. 1947లో లండన్ హిప్పోడ్రోమ్ వేదిక మీద 12 ఏళ్ల ఆ పిల్ల ఫ్రెంచి ఒపేరాలోని కఠినమైన పాట పాడి, ఆకాశానికి నిచ్చెన వేసినట్టుండే చివరి స్వరాన్ని అందుకుంటే సభ లేచి నిలబడింది. మరుసటి ఏడు రాజకుటుంబం ముందు పల్లాడియం వేదిక మీద పాడింది. ఆ వయసు పిల్ల అంతకుముందెవరూ ఆ సభలో ఒంటరిగా పాడలేదు.

ఆ తర్వాతివి అందరికీ తెలిసినవే. 1956లో న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్‌వే మీద ‘మై ఫెయిర్ లేడీ’. 1957లో టీవీలో ‘సిండ్రెల్లా’, దాన్ని ఆ ఒక్క రాత్రి పది కోట్ల మందికి పైగా చూశారు. 1964లో ‘మేరీ పాపిన్స్’, దానికి ఆస్కార్. 1965లో ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’. మన ఊళ్లలో ఇంగ్లీషు సినిమా అంటే యుద్ధమో గుర్రాలో అనుకునే రోజుల్లో కూడా ఇంటిల్లిపాదీ కలిసి చూసిన సినిమా అది. కాన్వెంటు బడుల్లో పిల్లలు ఇప్పటికీ ఆ సినిమా పాటతోనే స్వరాలు నేర్చుకుంటున్నారు. నాలుగు స్థాయిల నిడివి గల గొంతు అని చెప్పుకునేవారు. కింది స్వరం నుంచి పై స్వరానికి వెళ్లేటప్పుడు ఎక్కడా అతుకు కనిపించేది కాదు. ప్రతి అక్షరం కడిగిన ముత్యం.

ఆ ముత్యాన్ని పుట్టించే చోటు ఎంత చిన్నదో చాలామందికి తెలియదు. మెడ ముందు గట్టిగా తగిలే మృదులాస్థి లోపల, గాలిగొట్టం నోట్లో, రెండు మెత్తని మడతలు ఎదురెదురుగా ఉంటాయి. వాటినే స్వరతంత్రులు అంటున్నాం. ఆడవారిలో వాటి పొడవు సెంటీమీటరు పైచిలుకు మాత్రమే. ఊపిరి కింద నుంచి నెట్టగానే అవి విడిపోతాయి, మళ్లీ కలుసుకుంటాయి. పాశ్చాత్య కచేరీల్లో వాద్యాలన్నీ శ్రుతి చేసుకునే ‘ఎ’ స్వరం దగ్గర సెకనుకు 440 సార్లు కలుసుకుంటాయి. ఆ స్వరాన్ని గంటసేపు ఆపకుండా పాడితే 15 లక్షల తాకిడులు దాటుతాయి. ప్రదర్శన ముగిశాక ఆ గొంతుతోనే తోటివాళ్లతో మాట్లాడాలి, ఫోన్లు చేయాలి, మర్నాడు పొద్దున్న సాధన చేయాలి.

1854 దాకా పాడుతుండగా ఆ మడతలెలా కదులుతాయో ఎవరూ చక్కగా చూడలేకపోయారు. లండన్‌లో పాఠాలు చెప్పే సంగీత గురువు మాన్యుయెల్ గార్షియా పంటివైద్యుల చిన్న అద్దం గొంతులో పెట్టుకుని, మరో అద్దంతో ఎండను లోపలికి మళ్లించి తన స్వరపేటికనే తాను చూసుకున్నాడు. గొంతు లోపలి రహస్యం వైద్యుడి కన్నా ముందు పాటగాడికి దక్కిందన్నది నాకు భలే నచ్చే సంగతి. 1970లలో జపాన్‌లోని కురుమె నగరంలో మినోరు హిరానో ఆ మడతల అల్లికను పొరపొరగా విడదీసి చూపించాడు. లోపల కండ, దాని మీద స్నాయువు, దాని పైన జిగటగా, వదులుగా ఉండే పొర, అన్నిటి మీదా పలచని చర్మం. కండ తన చోట తానుండగా పైపొర దాని మీద జారుతూ అలలా కదలాలి. గోరువెచ్చని పాల మీద మీగడ కదిలినట్టుగా. ఆ కదలికలోనే గొంతులోని తీపి అంతా ఉంది. పైపొర కిందికి అతుక్కుపోతే మాట వస్తుంది గానీ పాట రాదు.

1995 అక్టోబరు 25న జూలీ ఆండ్రూస్ ఎన్నో ఏళ్ల తర్వాత బ్రాడ్‌వేకి తిరిగొచ్చారు. నాటకం ‘విక్టర్ విక్టోరియా’. భర్త బ్లేక్ ఎడ్వర్డ్స్ దర్శకుడు. ఇందులో ఆమెది మగవాడిలా నటించే ఆడదాని పాత్ర, ఆ మగవాడేమో వేదిక మీద ఆడవేషం కట్టేవాడు. అంటే ఒకే రాత్రిలో గొంతును కిందికి దించాలి, పైకి లేపాలి, మళ్లీ దించాలి. వారానికి ఎనిమిది ప్రదర్శనలు. మన పౌరాణిక నాటకాల్లో పద్యం పాడే నటులు బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని, మిరియాల పాలు తాగి రాత్రికి రాత్రి గొంతు నిలబెట్టుకునేవారని వింటాం. వాళ్లకు కనీసం ఊరు మారడానికి ఒకటి రెండు రోజులు దొరికేవి. బ్రాడ్‌వేలో ఊరు మారదు, వేదిక మారదు, సెలవు వారానికి ఒక్కరోజే.

1996 మే నెలలో టోనీ పురస్కారానికి నాటకం మొత్తంలో ఆమె ఒక్కరినే నామినేట్ చేశారు. తోటివాళ్లను పట్టించుకోలేదని అదే వేదిక మీద నిలబడి తనకు వద్దని ప్రకటించారు. ఎత్తున ఉన్న రోజుల్లో అంత పట్టుదల. అప్పటికే గొంతు మొరాయిస్తోంది. ప్రదర్శనలు తప్పాయి. ఒకసారి లైజా మిన్నెల్లి వచ్చి కొన్నాళ్లు ఆ పాత్ర పోషించారు. 1997 జూన్‌లో ఆండ్రూస్ నాటకం నుంచి తప్పుకుని, న్యూయార్క్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో స్వరతంత్రులకు శస్త్రచికిత్స చేయించుకున్నారు. క్యాన్సర్ కాదు. గొంతు మీద ఒత్తిడి వల్ల వచ్చిన చిన్న లోపం. ఆరు వారాల్లో మళ్లీ పాడవచ్చని వైద్యులు అన్నారట.

ఆరు వారాలు గడిచాయి. ఆరు నెలలూ గడిచాయి. గొంతు బొంగురుగానే ఉంది. మాట్లాడితే మాట కింద గాలి శబ్దం. పై స్వరాలు లేవు, మధ్య స్వరాలు కూడా చెదిరిపోయాయి. 1998 చివరికల్లా భర్తే ఒక పత్రికతో, ఆవిడ మళ్లీ పాడుతుందనుకోను అన్నారు. ఆ మాట అచ్చులో చదివినప్పుడు ఆవిడకు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవడానికి మనసు రాదు. 1999 డిసెంబరులో వైద్యుల మీద, ఆసుపత్రి మీద దావా వేశారు. ఈ శస్త్రచికిత్సతో గొంతు శాశ్వతంగా పాడయ్యే ముప్పు ఉందని తనకు చెప్పలేదన్నది అందులో ప్రధాన ఆరోపణ. 2000 సెప్టెంబరులో దావా రాజీతో ముగిసింది. అబ్హాలో తలాల్ ఒరిగిపోయి నెల అటూ ఇటూ అయిందంతే. అదే సంవత్సరం బ్రిటన్ రాణి ఆమెకు ‘డేమ్’ బిరుదు ఇచ్చారు. పురస్కారాలు వరసపెట్టి వచ్చేది ఎప్పుడూ ఇలాంటప్పుడే.

అసలేం జరుగుతుంది? స్వరతంత్రుల మీద చేసే ప్రతి శస్త్రచికిత్సా ఇలా ముగియదు. ఎక్కువ భాగం బాగానే ముగుస్తాయి. రెండు వైపులా ఒకే చోట కాయకాసినట్టు గట్టిపడే నాడ్యూల్స్‌కు అసలు కత్తే అక్కర్లేదంటారు. మాట తీరు మార్చుకునే శిక్షణ, నీళ్లు, అరవకపోవడం, వీటితోనే చాలామందికి తగ్గుతాయి. ఒక వైపు పుట్టుకొచ్చే పాలిప్‌ను సూక్ష్మదర్శిని కింద జాగ్రత్తగా తీసేస్తే గొంతు మునుపటిలా రావచ్చు. చిక్కంతా లోతులో ఉంది. పైపొర దాటి కత్తి కిందికి దిగితే, లేదా పొరను అవసరానికి మించి తీసేస్తే, గాయం మానేటప్పుడు అక్కడ గట్టి పీచు కణజాలం పెరుగుతుంది. చేతి మీద మచ్చ పడితే మనం పట్టించుకోం. సెకనుకు కొన్ని వందల సార్లు అలలా కదలాల్సిన చోట మచ్చ పడితే ఆ చోటు కదలడం మానేస్తుంది. రెండు అంచులూ పూర్తిగా కలవవు, సందులోంచి గాలి కారిపోతుంది. మచ్చను తీయడానికి మళ్లీ కత్తి పెడితే మళ్లీ మచ్చ పడే ప్రమాదం. కొవ్వును ఎక్కించి సందు పూడ్చవచ్చు, పొర కింద అతుకు విడదీయవచ్చు. మాట కొంత బాగుపడుతుంది. పోయిన అల మాత్రం వెనక్కి రావడం చాలా అరుదు.

హార్వర్డ్ వైద్య ఆచార్యుడు స్టీవెన్ జైటెల్స్ తర్వాత జూలీ ఆండ్రూస్ గొంతు మీద నాలుగుసార్లు శస్త్రచికిత్స చేశారు. మాట్లాడే గొంతు మెరుగుపడింది. పాడే గొంతు రాలేదు. అదే జైటెల్స్ 2011 నవంబరులో గాయని అడేల్ గొంతులో రక్తం చిమ్ముతున్న పాలిప్‌ను లేజరుతో సరిచేశారు. 2012 ఫిబ్రవరిలో ఆమె గ్రామీ వేదిక మీద నిలబడి పాడి, ఆరు పురస్కారాలు అందుకున్నారు. చెయ్యి ఒకటే, ఫలితాలు రెండు. అడేల్‌ది తాజా గాయం, లోతు లేనిది. ఆండ్రూస్‌ది గట్టిపడిపోయిన మచ్చ. ఫ్రెంచి గాయని నతాలీ దెస్సే 2000ల మొదట్లో రెండుసార్లు శస్త్రచికిత్స చేయించుకుని రెండుసార్లూ ఒపేరాకు తిరిగొచ్చారు, కాబట్టి ఒకరిని చూసి ఇంకొకరికి జాతకం చెప్పడానికి వీల్లేదు.

1997లోనే, అంటే ఆండ్రూస్ బల్ల మీద పడుకున్న ఏడాదే, అమెరికా పరిశోధకులు గొంతు నష్టాన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి ప్రచురించారు. 30 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా, మొత్తం 120. ఫోనులో మీ మాట అర్థం కావడం లేదా, గొంతు వల్ల నలుగురిలోకి వెళ్లడం మానేశారా, గొంతు వల్ల మీకు చులకనగా అనిపిస్తోందా, ఇలాంటి సంగతులు అడుగుతుంది. చికిత్సకు ముందు, తర్వాత నింపి తేడా చూస్తారు. అప్పటిదాకా వైద్యుడి చెవి, యంత్రం గీత, ఇవే ప్రమాణం. ఇప్పుడు రోగి మాటకూ అంకె వచ్చింది.

కానీ ఆ ప్రశ్నలు మాట్లాడేవాళ్లవి. ఇంట్లో పిల్లల్ని పిలవగలిగితే, బజారులో బేరమాడగలిగితే మార్కులు బాగానే వస్తాయి. జూలీ ఆండ్రూస్ ఆ కాగితం నింపితే చాలా ప్రశ్నలకు ఎప్పుడో ఒకసారి అనే జవాబు రాసి ఉండేవారేమో. నాలుగు స్థాయిలు పోయాయన్న సంగతి అందులో పట్టదు. పాడేవాళ్ల కోసం విడిగా 36 ప్రశ్నల కొలత 2007 దాకా రాలేదు.

30 ప్రశ్నల కొలత 2010లో అరబ్బీ భాషలో రియాద్ నుంచి వచ్చింది. కింగ్ సౌద్ విశ్వవిద్యాలయంలో ఖాలిద్ అల్ మల్కీ, తామెర్ మెసల్లం, వాళ్ల తోటివాళ్లు దాన్ని మాటకు మాట మార్చి వదిలేయకుండా అరబ్బుల బతుకుకు సరిపోయేలా సవరించి, రోగుల మీద పరీక్షించారు. రియాద్‌లోని కింగ్ అబ్దుల్ అజీజ్ యూనివర్సిటీ హాస్పిటల్‌లో వాళ్లది మాట, మింగుడు సమస్యల విభాగం. ఎడారి దుమ్ము, గదిలో ఏసీ పొడిగాలి, వీధిలో ఎండ. గొంతుకు అనుకూలమైన దేశం కాదది. గొంతు మీద బతికేవాళ్లు మాత్రం ఎక్కువ. రోజుకు అయిదుసార్లు అజాన్ ఇచ్చే ముఅజ్జిన్‌లు, రంజాన్ నెలంతా రాత్రుళ్లు తరావీహ్ నమాజులో ఖురాన్ చదివే ఇమాములు, నలభై మంది పిల్లల మీద గొంతెత్తే టీచర్లు. జెద్దా, రియాద్, దమ్మాం ఇండియన్ స్కూళ్లలో పాఠాలు చెప్పే మన తెలుగు టీచరమ్మలు కూడా ఆ లెక్కలోకే వస్తారు.

ఆ విభాగం చేసిన పనుల్లో ఒకటి నన్ను వదలదు. చెడిన గొంతుల్ని రికార్డు చేసి, అరబ్బీలో ఒక స్వర భాండాగారం కూర్చారు. నాడ్యూల్స్, పాలిప్స్, తిత్తులు, స్వరతంత్రి మీద గాడి, పక్షవాతం వచ్చిన తంత్రి. ఒక్కొక్కరి చేత అచ్చులు పలికించారు, సున్నా నుంచి పది దాకా అంకెలు చెప్పించారు. చివర ధారగా మాట్లాడించాలి. ఇంగ్లీషు దేశాల్లో దానికి ఒక చిన్న పేరా చదివిస్తారు. రియాద్‌లో వచ్చేవాళ్లలో చాలామంది వృద్ధులు, చదువు రానివాళ్లు. అందుకని వాళ్లకు కాగితం ఇవ్వలేదు. ఖురాన్ మొదటి అధ్యాయం అల్ ఫాతిహా చదవమన్నారు. చిన్నప్పటి నుంచీ రోజూ నమాజులో చదివేదే, కాగితం అక్కర్లేదు. బొంగురు గొంతులూ, గాలి కారే గొంతులూ, మధ్యలో తెగిపోయే గొంతులూ అదే ప్రార్థనను చదివి వెళ్లాయి. వాటిని పెట్టుకుని, ఏ శబ్దం ఏ జబ్బుదో కంప్యూటరుకు నేర్పారు.

అరబ్బు నేలలో గొంతు పోవడం ఎంత పెద్ద దెబ్బో తెలియాలంటే రియాద్ దాటి ఖైరో వెళ్లాలి. 1934 మే 31న ఈజిప్టు రేడియో మొదలైనప్పుడు తొలి ఖురాన్ పఠనం షేక్ ముహమ్మద్ రిఫాత్‌ది. చిన్నతనంలోనే చూపు పోయినవాడు. ఆ గొంతు కోసం రేడియోలున్న కాఫీ కొట్ల ముందు జనం మూగేవారు. 1940లలో గొంతు జబ్బు పట్టుకుంది. చదువుతుండగా ఎక్కిళ్లు వచ్చి ఆగిపోయేవారు. అభిమానులు చందాలు పోగుచేసి తెస్తే తీసుకోలేదు. ఏళ్లపాటు మౌనంగా ఉండి 1950 మే 9న పోయారు. ఆయన పఠనాలు కొన్నైనా మిగిలాయంటే, అభిమానులు ఇంట్లో రేడియో నుంచి రికార్డు చేసుకున్నవి కొన్ని దొరకడం వల్లే.

జూలీ ఆండ్రూస్ దగ్గర అలా అల్మరాలు వెతకాల్సిన పని లేదు. ఆమె పాడినదంతా స్పష్టంగా ఉంది, సినిమాగా, రికార్డుగా, డిజిటల్‌గా. బహుశా అదే కష్టం. ఎవరైనా టీవీ పెడితే 29 ఏళ్ల తన గొంతు కొండ మీద నుంచి వినబడుతుంది. ఆమె కూతురితో కలిసి పిల్లల పుస్తకాలు రాయడం మొదలుపెట్టారు, అవి చాలా వచ్చాయి. గొంతు వాడుకోవడానికి అది ఇంకో దారి అని కూతురు అన్నదని ఆమె చెప్పుకున్నారు. ఆ ఓదార్పును గౌరవిస్తాను గానీ నమ్మను. పుస్తకం పుస్తకమే.

2004లో ‘ప్రిన్సెస్ డైరీస్’ రెండో సినిమాలో ఆమె మళ్లీ ఒక పాట పాడారు. స్వరకర్త దాన్ని ఆమెకు మిగిలిన ఒక స్థాయిలో ఇమిడేలా కట్టారు. సగం మాట, సగం పాట. తెర మీద చూస్తే ఆమె హాయిగా నవ్వుతూ ఉంటారు. 2010 మే 8న లండన్ ఓ2 ఎరీనాలో ఆమె పేరుతో పెద్ద కార్యక్రమం జరిగింది. ఆమె కథలు చెప్పారు, కొంత పలికీ పలకనట్టు పాడారు. ఎక్కువ పాటలు తోటి గాయకులే పాడారు. పాడలేరన్న సంగతి ముందే తెలిసినా, టికెట్లు కొన్నవాళ్లలో కొందరికి అసంతృప్తి మిగిలింది. జనం టికెట్ కొన్నది ఆమెను చూడ్డానికా, 1965ను వినడానికా అన్నది వాళ్లకే స్పష్టంగా ఉండి ఉండదు.

అబ్హాలో ఆ రంగస్థలానికి ఇప్పుడు తలాల్ మద్దాహ్ పేరు పెట్టారు. ఆయన పోయాక చాలా ఏళ్లు సౌదీలో బహిరంగ కచేరీలు దాదాపు లేకుండా పోయాయి. 2017లో మళ్లీ మొదలయ్యాయి. ఆ ఏడాది జెద్దాలో, తర్వాత రియాద్‌లోని కింగ్ ఫహద్ సాంస్కృతిక కేంద్రంలో తలాల్ సమకాలికుడు మొహమ్మద్ అబ్దు పాడారు. కొత్తగా కచేరీలకు వచ్చే కుర్రకారు తలాల్ పాటలు ఫోన్లలో వింటారు. వాళ్ల చెవికి ఆయన ఎప్పటికీ పాడుతున్న మనిషే, గొంతు పోయిన మనిషి కాదు.

జూలీ ఆండ్రూస్ పని మానలేదు. మాట్లాడే గొంతు మీద జైటెల్స్ చేసిన పని అందుకు సరిపోయింది. 2020 డిసెంబరులో ‘బ్రిడ్జర్టన్’ అనే టీవీ ధారావాహిక వచ్చింది. అందులో ఊరి గుట్టుమట్లన్నీ పత్రికలో రాసే లేడీ విజిల్‌డౌన్ మాటలు చదివేది ఆమే. తెర మీద కనిపించరు. అప్పటికి ఆమెకు 85 ఏళ్లు. ఆ గొంతు విన్న కుర్రవాళ్లలో చాలామందికి ఆమె ఒకప్పుడు పాడేదన్న సంగతి తెలియదు, అదెవరో తెలుసుకుందామని వెతికితే ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ దొరుకుతుంది.